మా గల్లీకి కారొస్తుందా?

కోఠీలో దొరకని వస్తువు లేదని మా పేటవాళ్లకు కాస్త గర్వం. వుండదూ మరి! సుల్తాన్ బజార్లో చీరలు, బడీచౌడీలో గాజులు, రిబ్బన్లు, గుజరాతీ గల్లీలో సెల్‌ఫోన్ల తాలూకు సరంజామా, ట్రూప్ బజార్లో నల్లాలు, బల్బులు, విమెన్స్ కాలేజీ పక్కన పాత పుస్తకాలు. ఏది కావాలన్నా కాళ్లకు చెప్పులు తొడుక్కుని బయల్దేరితే అరగంటలో సంచీలో పడుతుంది. ఇంట్లో అల్లం అయిపోయినా, అల్లుడొచ్చినా మేము కంగారుపడం.

అలాంటి చోట కాపురముంటూ మా అమ్మాయి కారు కావాలన్నది.

కారంటే ఏదో నలుగురు కూర్చుని తిరుపతి వెళ్లివచ్చే కారు కాదు. స్పోర్టీ హాచ్‌బ్యాక్ అట. వెనక డిక్కీ పెట్టెలాగా పొడుచుకు రాకుండా, వెనక తలుపు మొత్తం పైకి లేచే పొట్టికారును హాచ్‌బ్యాక్ అంటారని మన పాఠకులకు తెలియనిది కాదు. అందులో కాస్త పందెంకోడి తరహాది ఇది. ముందు ఎర్రగీతలు, లోపల ఎర్రదారం కుట్లు, వెనక జంట పొగగొట్టాలు. హ్యుందాయ్‌వాళ్లు 2021లో మన దేశంలో విడుదల చేసిన ఐ20 ఎన్ లైన్ అటువంటిది. టాటావారి ఆల్ట్రోజ్ రేసర్ 2024 జూన్‌లో వచ్చింది. మా అమ్మాయి మనసు మొదటిదాని మీద పడింది.

ఆమె మాదాపూర్లో ఉద్యోగం చేస్తున్నది. అయిదేళ్లుగా జీతంలోంచి కూడబెట్టుకున్నది. డబ్బు ఆమెది, ముచ్చట ఆమెది. మధ్యన నాకేం పని అంటారేమో! పని ఎక్కడ వచ్చిందంటే, ఆ కారు రాత్రిపూట నిలబడవలసింది మా ఇంటి ముందర. మా ఇల్లు బడీచౌడీ వెనక ఒక గల్లీలో వుంది. మా తాతగారి నాటి ఇల్లు. గల్లీ మొగలో ఆటోవాణ్ణి లోపలికి రమ్మంటే, “వస్తా గనీ సార్, మళ్ల తిరిగెట్ల పోవాలె?” అని అడుగుతాడు.

“నాన్నా, కొనేముందు నువ్వొకసారి చూడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పు. ఊరికే వద్దనకు” అన్నది. ఈ షరతు న్యాయంగానే తోచింది. అందుచేత ఒక నెల రోజులు నేను కోఠీని కారు కళ్లతో చూశాను. డెబ్భై ఏళ్లుగా నడిచిన వీధులు అలా చూస్తే వేరే ఊరల్లే కనిపించాయి.

ముందు కారు సంగతి చెబుతాను. దాని ఇంజను ఒక లీటరుకు రెండు మిల్లీలీటర్లు తక్కువ. మూడే సిలిండర్లు. అయినా 120 గుర్రాల సత్తువ. ఎలాగంటే, టర్బో అనే చిన్న చక్రం ఒకటుంది. ఇంజన్లోంచి బయటికి పోయే పొగ ఆ చక్రాన్ని గిర్రున తిప్పుతుంది. దానికి జోడించిన మరో చక్రం గాలిని నొక్కి ఇంజన్లోకి దట్టిస్తుంది. గాలి ఎక్కువ పడితే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలమూ ఎక్కువ వస్తుంది. పారేసే పొగతో పని చేయించుకోవడమన్నమాట. మా ఇంట్లో కుంపటి మీది వేడినీళ్ల డేగిశా చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ పొదుపు నాకు నచ్చింది.

ఇంత పొట్టికారులో ఇంత కిటుకు ఎందుకు పెట్టారయ్యా అంటే, దానికి వెనక ఢిల్లీ పద్దు వుంది. 2006 కేంద్ర బడ్జెట్లో చిన్నకార్ల మీద ఎక్సైజు పన్ను తగ్గించారు. చిన్నకారంటే నాలుగు మీటర్ల లోపు పొడవుండాలి, పెట్రోలు ఇంజను 1200 సి.సి. దాటరాదు. అప్పటినుంచి కంపెనీలు దర్జీల్లాగా నాలుగు మీటర్ల గుడ్డలోనే అన్ని చొక్కాలూ కుడుతున్నాయి. ఈ కారు పొడవు 3995 మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్లు మిగిల్చారు, అదీ వాళ్ల నేర్పు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత అలాగే వుండిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం వుండేది, 18 శాతానికి దిగింది. మా అమ్మాయి ఆశకు రెక్కలు మొలిచింది ఆ రోజునే.

ఇక కోఠీ సంగతి.

కోఠీ అంటే మేడ, బంగళా. ఆ మేడ ఏదో కాదు, బ్రిటిషు రెసిడెన్సీ. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టాడు. ఆయన ఇక్కడి ఖైరున్నీసా బేగాన్ని పెళ్లాడాడు. ఆమె ఘోషాలో వుండి పెద్ద మేడను చుట్టి చూడలేదని, తోటలో ఆ మేడ నమూనా చిన్నది కట్టించి ఇచ్చాడని చెబుతారు. స్వాతంత్ర్యం తరువాత ఆ మేడలోకి ఉస్మానియావారి విమెన్స్ కాలేజీ వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. మా అమ్మాయి కూడా అక్కడే చదివింది.

ఆ మేడకు వున్నంత వాకిలి కోఠీలో మరి దేనికీ లేదు. ఏనుగులు, పల్లకీలు, గుర్రపుబళ్లు వచ్చి నిలబడేందుకు కట్టిన వాకిలి అది. గోడ బయట మాత్రం వ్యవహారం వేరు. రెసిడెంటు నీడలో నిజాం చట్టం చెల్లదు గనక వడ్డీవ్యాపారులు, బట్టలవర్తకులు అక్కడికి చేరారు. కంపెనీ కాపలా దగ్గర ఎంత దగ్గరగా వుంటే అంత మేలని ఒకరి భుజం ఒకరు ఒరుసుకునేలా ఇళ్లు, దుకాణాలు కట్టుకున్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులను వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీదికి వచ్చినప్పుడు, ఎదుటి ఇళ్లలోనే చేరి అక్కణ్ణుంచి కాల్పులు జరిపారు. ఇళ్లు అప్పటికే అంత దగ్గరగా వుండేవన్నమాట. 1933లో ఈ రెసిడెన్సీ బజార్లు నిజాముకు తిరిగి వచ్చాయి, సుల్తాన్ బజారు అని పేరు మారింది. పేరు మారిందేగాని గల్లీలు ఒక్క జానెడు వెడల్పు కాలేదు. బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషికి, సరుకు మోసే కూలీకి, మహా అయితే ఒక జట్కాకు కొలిచి వేసిన దారులివి.

అందుకే నేను టేపు పట్టుకుని బయల్దేరాను. కారు వెడల్పు 1775 మిల్లీమీటర్లు. మన లెక్కలో అయిదడుగుల పది అంగుళాలు. చెవులు, అదే అద్దాలు, విప్పితే ఇంకొంచెం. మా గల్లీ మొగలో పదకొండడుగులు, ఫరవాలేదు. మధ్యలో మలుపు దగ్గర కరెంటు స్తంభం వుంది, అక్కడ తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. మా వాకిలి దగ్గర పది. నేను వంగి కొలుస్తుంటే ఎదురింటి గుజరాతీ షేఠ్‌జీ బయటికి వచ్చి, “ఏం సార్, మునిసిపాలిటీవాళ్లు మళ్లీ రోడ్డు వెడల్పు చేస్తారా?” అని ఆదుర్దాగా అడిగాడు. మెట్రో వస్తే బజారు పోతుందని ఏళ్ల తరబడి ఆందోళన చేసిన వర్తకుల్లో ఆయనా వొకడు. టేపు చూస్తే ఆయన గుండె ఆగుతుంది. కారు కోసమని చెబితే స్థిమితపడి నవ్వాడు.

“నాకూ కారుంది సార్. కాచిగూడలో తమ్ముడి ఇంటి కింద వుంటుంది. నెలకు రెండుసార్లు ఆటోలో వెళ్లి చూసి వస్తా.”

ఈ ఊళ్లో కారు నిలబడివుండడం కొత్త కాదు లెండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండునుంచి రోల్స్‌రాయిస్ తెప్పించమన్నాడు. అది తయారై వచ్చేలోపల, 1911లో, ఆయనే పోయాడు. ఆ పసుపుపచ్చ 1912 నాటి సిల్వర్ గోస్ట్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక వుంది. తన జన్మలో మూడువందల యాభై పైచిలుకు మైళ్లే తిరిగిందని చెబుతారు. నవాబులకు చెల్లింది. వాయిదాలు కట్టేవాళ్లకు ఎలా చెల్లుతుంది?

ఒక ఆదివారం నన్ను కూడా షోరూముకు తీసుకువెళ్లింది. అక్కడినుంచి పరీక్షకని కారు ఇచ్చి, పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించారు. నూటయాభై ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు. ఊరి చుట్టూ వడ్డాణం పెట్టినట్టుంటుంది. ద్విచక్రాలకు ప్రవేశం లేదు. లోపలి వరసల్లో 120 దాకా పోనిస్తారు. నేను వెనక సీట్లో వున్నాను. మా అమ్మాయి మూడో గేరులో వుంచి కాలు నొక్కింది. వెనకనుంచి ఎవరో బలమైన మనిషి వీపు మీద అరచెయ్యి ఆనించి తోసినట్టయింది. బండి ముక్కు కొంచెం పైకెత్తి, పొగగొట్టం గొంతు మార్చి, ఒక్క ఊపున వెళ్లింది. చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. భయంతో కాదు, సంతోషంతో. ఆమె అద్దంలో నా ముఖం చూసి తానూ నవ్వింది. పెద్దవాళ్లం ఇలాంటివాటిని వృథాఖర్చు అని కొట్టిపారేస్తాం. ఆ తోపు వీపుకు తగిలిన తరువాత ఆ మాట అనడానికి నోరు రాదు.

అయితే ఆ తోపు ఎప్పుడొస్తుందో కూడా గమనించాను. ఇంజను నిమిషానికి పదిహేనువందల చుట్లు తిరిగితేగాని టర్బో పూర్తిగా పని అందుకోదు. పొగ ఆడాలి, చక్రం తిరగాలి, గాలి దట్టించాలి. ఆగుతూ, పాకుతూ వెళ్లేచోట అది మామూలు వొక లీటరు ఇంజనే. ఈ మహానగరంలో నిజమైన పందెపు వేగం ఒకసారి నడిచింది: 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ వొడ్డున, ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పోటీ. దానికోసం రోజుల తరబడి రోడ్లు మూసి, ఊరినంతా చుట్టుతిప్పి పంపారు. మరుసటి ఏడు పోటీ జరగనే లేదు.

షోరూము కుర్రవాడు తెలివైనవాడు. “ఇంటిదాకా తెచ్చి చూపిస్తాను సార్, వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి” అన్నాడు. ఆదివారం పొద్దున ఏడింటికి కోఠీలో ఏనుగుల వూరేగింపు కూడా పడుతుంది. “అలా కాదు నాయనా, శనివారం సాయంత్రం ఆరింటికి రా” అన్నాను. వాడి ముఖం కొంచెం వాడింది. అయినా వచ్చాడు, మాటమీద నిలబడే పిల్లవాడు.

విమెన్స్ కాలేజీ దగ్గర మా అమ్మాయి చక్రం అందుకున్నది. అక్కడినుంచి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. బస్సులన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి. పైన మెట్రో వంతెన, కింద తోపుడుబళ్లు, మధ్య జనం.   ఒకావిడ సంచీ బానెట్ మీద పెట్టి చిల్లర లెక్కపెట్టుకున్నది. పాపం ఆవిడ తప్పేముంది, అక్కడ అరుగులాగే ఎత్తు కుదిరింది! మా అమ్మాయి హారను కొట్టలేదు. చిన్నప్పటినుంచి ఆ జనంలో వొకతె కదా.

గల్లీ మొగలో ఉల్లిగడ్డల బండి జరిపించాం. స్తంభం దగ్గర చాయ్ హోటలు కుర్రాళ్లు నలుగురు “ఆనే దో, ఆనే దో” అంటూ చేతులూపారు. అద్దాలు ముడిచి మలుపు తిరిగింది. వాకిటి ముందుకు వచ్చి నిలబడింది. బయల్దేరి నలభై నిమిషాలు. అంతా బాగానే వుంది గాని, గేటు లోపలికి తిరగదు. పదడుగుల గల్లీలో పదమూడడుగుల బండి అడ్డం తిరగాలంటే ఒక పక్కన ఖాళీ కావాలి. ఆ పక్కన మా అరుగు వుంది.

అప్పుడు అసలు ప్రశ్న బయటపడింది. కారు కొనాలా అన్నది కాదు. అరుగు తీయాలా అన్నది.

షాబాదు రాళ్లు పరిచిన అరుగు. పదకొండడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. మా తాతగారు సాయంత్రం పేపరు చదివింది దానిమీద, మా నాన్నగారి శవాన్ని దించి కాసేపు వుంచింది దాని పక్కన. ఇవన్నీ నేను చెప్పలేదు. చెబితే పాటకచేరీలాగా వుంటుంది. మా ఆవిడే ముందు మాట్లాడింది, నేను వూహించని మాట.

“తీసేయండి. ఇప్పుడెవరు కూచుంటున్నారు దానిమీద? పిల్ల రాత్రి తొమ్మిదింటికి బస్సు కోసం నిలబడుతుంటే నాకిక్కడ ముద్ద దిగదు. అరుగెక్కువా, పిల్లెక్కువా?”

దీనికి సమాధానం ఏ మగవాడి దగ్గరా వుండదు. మేస్త్రీని పిలిచాను. రెండు రోజుల పని, గేటు వెడల్పు చేయడంతో కలిపి డెబ్భై వేలన్నాడు. అతను రాళ్లు తట్టి చూస్తున్నప్పుడు పూలమ్మ వచ్చింది. సాయంత్రం అయిదునుంచి ఎనిమిది దాకా ఆ అరుగు మీదనే కూర్చుని మల్లెలు, కనకాంబరాలు మూరలు వేసి అమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా అంతే. తట్ట దించకుండా నిలబడి, “గీడ కారు వెడ్తరంట గదా బిడ్డా? మంచిదే. నేనిగ మందులషాపు కాడ కూసుంట” అన్నది. దెప్పుడేమీ లేదు ఆ గొంతులో. చోటు మారడం ఆమెకు అలవాటే. మెట్రో స్తంభాలు వేసినప్పుడు వొకసారి మారింది.

మా అమ్మాయి ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. ఆ రాత్రి కాగితం, కలం తీసుకుని కూర్చున్నది. నేను కళ్లద్దాలు పెట్టుకుని పక్కన చేరాను.

ఎనిమిది లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి, అయిదేళ్లపాటు నెలకు పదహారువేల ఆరువందలు. మాదాపూరుకు రానూ పోనూ నలభై కిలోమీటర్లు, నెలకు ఇరవైరెండు రోజులు. కంపెనీ లెక్కలో లీటరుకు ఇరవై వచ్చినా, మన రద్దీలో పన్నెండు వేసుకుంటే డెబ్భైమూడు లీటర్లు. లీటరు నూరు దాటి కొన్నేళ్లయింది, ఏడెనిమిది వేలన్నమాట. బీమా, సర్వీసు వేరు. ధర పది లక్షల గీత దాటితే రాష్ట్రం వేసే జీవితకాలపు పన్ను శాతం కూడా పెరుగుతుంది. మొత్తం మీద నెలకు పాతికవేల పైమాటే. ఇటు చూస్తే, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీబస్సులో టిక్కెట్టు లేదు. కోఠీనుంచి మాదాపూరు మీదుగా కొండాపూరు పోయే 127కె వుండనే వుంది. మెట్రో కావాలంటే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగడమే.

“లెక్క వేస్తే ఎవరూ ఏదీ కొనరు” అన్నాను. నిజానికి నేను ఆమె పక్షమే అయిపోయాను అప్పటికి. ఇరవైతొమ్మిదేళ్ల పిల్ల, తన సంపాదనతో, వీపుకు ఆ తోపు కావాలనుకుంటే తప్పేమిటి? దాహాన్ని నీళ్ల ధరతో కొలవకూడదు.

“లెక్క కాదు నాన్నా” అన్నది. “ఆ కారు ఔటర్ మీద వుండవలసింది. ఇక్కడికి తెస్తే దాన్నీ బాధపెడతాం, గల్లీనీ బాధపెడతాం. కారు కావాలంటే నేను అటువైపు ఇల్లు తీసుకోవాలి, గచ్చిబౌలిలోనో నల్లగండ్లలోనో. అప్పుడు కారు ఆఫీసుకు అక్కర్లేదు, మీ దగ్గరకు రావడానికి కావాలి. మీ దగ్గరకు వస్తే పెట్టేందుకు చోటు లేదు!”

మా ఆవిడ వంటింట్లోంచి పెద్దగా నవ్వింది. అటువైపు ఇల్లు అన్న మాటకు ముందు వొక క్షణం చప్పుడు ఆగింది, తరువాతే నవ్వింది. నేను విన్నాను.

ప్రస్తుతానికి కారు రాలేదు. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వలేదు. మా ఆవిడ కోసం వొక ఏర్పాటు జరిగింది: రాత్రి ఎనిమిది దాటితే బస్సు కాదు, మెట్రోలోనే రావాలి, స్టేషను మెట్ల దగ్గర నేను నిలబడాలి. నడకకు నడక, మాటలకు మాటలు. నెలకొకసారి మాత్రం అద్దెకిచ్చే కార్లలోంచి కాస్త చురుకైనదాన్ని తెచ్చి, తెల్లవారుజామున మమ్మల్ని ఔటర్ మీదుగా నాగార్జునసాగరో, శ్రీశైలం దారో పట్టిస్తానన్నది. మొన్న వొకసారి వెళ్లివచ్చాం కూడా. మా ఆవిడ దారంతా దేవుడి పేరు తలుచుకుంటూనే, “ఇంకాస్త పోనీ, వెనకవాడు దాటేస్తున్నాడు” అన్నది.

షోరూము కుర్రవాడు ఇప్పటికీ శనివారం శనివారం ఫోను చేస్తాడు. కొనడం లేదని మా అమ్మాయి మర్యాదగానే చెబుతుంది. చెప్పి పెట్టేయదు. కొత్తగా ఏమేం రంగులు వచ్చాయని అడుగుతుంది.